పెద్దాయనకు వేయని సూది

తొంభైల చివర్లో నేను ప్రొద్దుటూరులో ఒక నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సును. చికెన్‌పాక్స్, అంటే మనవాళ్లు అమ్మవారు అనే జబ్బు, రాకుండా వేసే వ్యాక్సిన్ అప్పుడప్పుడే మా ఊరికి వస్తోంది. ఎన్నికల కాలం. జమ్మలమడుగు వైపు పల్లెల్లో వర్గాల తగాదాలు ముదిరి, చీకటి పడితే జనం ఇల్లు కదిలేవాళ్లు కాదు.

ఒక ఉదయం రెండు జీపులు వచ్చి ఆగాయి. దిగిన మనిషి అక్కడి ఒక వర్గానికి పెద్ద. తమ వీధిలో పిల్లలకు అమ్మవారు పోసిందట, తనకు చిన్నప్పుడు రాలేదట, సూది వేయమన్నాడు. జబ్బులూ మందులూ ఏమైనా ఉన్నాయా అని డాక్టరుగారు అడిగితే ఏమీ లేవన్నాడు. ఆయన మనుషులు చుట్టూ నిలబడే ఉన్నారు.

ఇది లైవ్ వ్యాక్సిన్. అంటే బలం తగ్గించిన వైరస్ అందులో ప్రాణంతోనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మేలే చేస్తుంది. గర్భిణులకు, రోగాన్ని తట్టుకునే శక్తి బాగా తగ్గినవాళ్లకు మాత్రం వేయకూడదు. అందుకే, సూది పట్టుకున్నవాళ్లు వేసేముందు మళ్లీ ఒకసారి అడగాలన్నది మా డాక్టరుగారి నియమం.

మందు పొడిని నీళ్లలో కలిపి, చొక్కా చెయ్యి పైకి మడవమన్నాను. చర్మం ఉల్లిపొరలా పల్చబడి, అక్కడక్కడ ఊదారంగు మచ్చలున్నాయి. ముఖం గుండ్రంగా ఉబ్బి ఉంది. స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలం మింగి ఇలా అయినవాళ్లను నేను ఎందరినో చూశాను; ఆ మాత్రలు రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి.

"ఏమన్నా మాత్రలు మింగుతాండారా అయ్యా?"

"లేదని చెప్పినా గదమ్మా. పని కానీ."

"మీవాళ్లను ఒక్క నిమిషం బయట ఉండమనండి."

"వాళ్లు యాడికి పోవల్ల? ఈడే ఉంటారు."

తలుపు దగ్గరున్న మీసాల మనిషి, ఓబులేసు, "ఏంది సిస్టర్, పెద్దాయనతో వాదులాట?" అంటూ అడుగు ముందుకేశాడు.

భయమేసింది. నాకు భయమేస్తే కోపం కూడా వస్తుంది, పుట్టుబుద్ధి. సిరంజి ట్రేలో పెట్టేసి, "వీళ్లు పోకపోతే నేను వేయను. ఇంకెక్కడైనా వేయించుకోండి" అన్నాను. పెద్దాయన నన్ను ఒకసారి చూసి, వాళ్లకు బయటికి పొమ్మని సైగ చేశాడు.

తలుపు మూశాక ఆయన గొంతు మారిపోయింది.

"మద్రాసులో కిడ్నీలకు మందు వాడుతాండా. నేను రోగిష్టోడినని తెలిస్తే నా యెనక ఎవుడుంటాడమ్మా? అవతలోళ్లు ఊరుకుంటారా?"

నడుముకున్న సంచిలోంచి మాత్రల రేకు తీసి చూపించాడు. డాక్టరుగారిని పిలిచాను. స్టెరాయిడే, అదీ పెద్ద మోతాదు. ఆ సూది పడితే ఆయన ప్రాణం మీదికి వచ్చేది. డాక్టరుగారు ఆయనకు వద్దని చెప్పి, ఆయనకు అంటించకుండా, దగ్గర మసిలేవాళ్లలో అమ్మవారు రానివాళ్లకు వేద్దామన్నారు. పొక్కులున్నవాళ్ల దగ్గరికి పోవద్దనీ, పొరపాటున పోతే వెంటనే రావాలనీ గట్టిగా చెప్పారు. కలిపిన మందు అరగంటకు మించి నిలవదు. ఓబులేసును విడిగా పిలిచి అన్నీ అడిగాక, అది అతనికే వేశాను. అంత మీసాల మనిషీ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

కొన్ని వారాలకు రెండో డోసుకు ఓబులేసు ఒక్కడే వచ్చాడు. సూది వేయించుకుని, లేవకుండా అడిగాడు.

"సిస్టర్, ఆ పొద్దు పెద్దాయన మాత్రల సంగతి చెప్పినాడా?"

"ఏ మాత్రలు?" అన్నాను ఉలిక్కిపడి.

"దినామూ గోడకల్లా తిరిగి మింగుతాడు గదా. మాకందరికీ తెలుసులే. మాకు తెలుసని ఆయప్పకు తెలీకుండా చూసుకుంటాండాం."

నాకు ఒళ్లు మండిపోయింది. "మరి నేను అడిగినప్పుడు అక్కడే ఉండి నోరెందుకు తెరవలేదు?"

అతను నావైపు వింతగా చూశాడు.

"ఆయప్ప లేదన్యాక, మేమెట్లా ఉందంటాం సిస్టర్?"

ఆయన కోసం కత్తికి ఎదురుపోయే మనుషులు. ఆ సూది దిగుతుంటే చూస్తూ నిలబడేవాళ్లే. అప్పటినుంచి నా సర్వీసంతా, వచ్చింది ఎవరైనా సరే, గది ఖాళీ చేయించాకే ఆ ప్రశ్న అడిగాను.