బాలకిషన్ అతకలేని నవ్వు

చిక్కడపల్లిలో పెళ్ళయిన జంటల్లో సగం మంది మా తాత వల్లే ఇంకా ఒకే ఇంట్లో ఉంటున్నారు. మిగతా సగం సంగతి అడక్కండి, వాళ్ళు మా తాతతో వీడియో చేయించుకోలేదు. బ్రహ్మదేవుడు ముడి వేసి తన దారిన తాను పోతాడు. ఆ ముడిని కోసి, అతికించి, పాట పెట్టి, చూడబుద్ధయ్యేలా చేసింది మాత్రం మా తాతే. ఇద్దరి పనితనం పక్కపక్కన పెట్టి చూస్తే బ్రహ్మదే కొంచెం నాసిరకం.

మా తాత పేరు బాలకిషన్. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. చేస్తాడని రాయాలో చేసేవాడని రాయాలో చివరికి మీకే తెలుస్తుంది. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో, టైలర్ దుకాణానికీ పిండి గిర్నీకీ మధ్య ఒక షట్టరు గది, అదే మల్గి, కిరాయికి తీసుకుని క్యాసెట్ల కాలం నుంచి అందులోనే కూర్చున్నాడు. ఆ మల్గి ఎంత పెద్దదంటే, తాత కుర్చీ వెనక్కి జరిపితే వచ్చినవాళ్ళు లేచి రోడ్డు మీద నిలబడాలి.

నేను ఇంటర్ రెండోసారి తప్పాక మా నానమ్మ రాజకుమారి, "ఇంట్ల కూసొని నా తలకాయ తినకు, పోయి ఆయన తలకాయ తిను" అని నన్ను అక్కడికి తోలింది. తాత పని నేను దగ్గర కూర్చుని చూసింది అప్పుడే.

ఆయన పనికి ఒకటే నియమం. పెళ్ళిలో జరిగిన గొడవ వీడియోలో కనబడకూడదు. వియ్యంకుడు విస్తరి ముందు నుంచి లేచిపోతే ఆ ముక్క ఎగిరిపోవాల్సిందే. పెళ్ళికొడుకు ముఖం మాడ్చుకుని పీటల మీద కూర్చుంటే, బారాత్‌లో నవ్విన ముఖం తెచ్చి అక్కడ పెట్టేవాడు. ఒక అత్తగారు కొడుకు పెళ్ళిలో ఒక్కసారే నవ్వింది, అది కూడా తుమ్ము వచ్చే ముందు. తాత ఆ నవ్వునే పెళ్ళంతా తిప్పి తిప్పి వాడాడు. ఆ కోడలు ఇప్పటికీ వీడియో చూసి, "మా అత్త మొదట్ల మంచిదే ఉండె" అంటుందట.

"ఇదంత అబద్ధం కద తాతా?" అని అడిగాను ఒకసారి.

"అయిన లొల్లి అందరికి యాదుంటదే. దాన్ని మళ్ళ నేను చూపెట్టాల్నా?" అన్నాడు.

ఈ పనంతా చేసేది ఒక లాప్‌టాప్. కీబోర్డు కింద ఎర్ర లైట్లు వెలుగుతుంటాయి. ఆటలాడే పిల్లల కోసం తయారైన వస్తువు, మా తాత చేతిలో పడి తలంబ్రాలు, అప్పగింతలు మోసింది. దాని లోపల గ్రాఫిక్స్ కార్డు అని ఒకటి ఉంటుంది. ముఖం కోసి ఇంకో చోట పెట్టడం, అతుకు కనబడకుండా వెలుగు కలపడం, ఆ బరువంతా కార్డుదే. అది లేకపోయినా లాప్‌టాప్ వెలుగుతుంది, పాటలు వినొచ్చు, కానీ తాత పని మాత్రం జరగదు.

తాతకు ఆ డబ్బా అంటే ప్రాణం. దసరా రోజు టైలర్ మిషన్‌కూ గిర్నీవాళ్ళు గిర్నీకీ పూజ చేసుకుంటే, తాత లాప్‌టాప్‌కు చేశాడు. మూత మీద బొట్టు పెడితే గీతలు పడతాయని దాన్ని బోర్లా తిరగేసి, పొట్ట మీద పసుపు కుంకుమలు పెట్టి, గుప్పెడు అక్షింతలు వేసి, "నూరేండ్లు బతుకు" అని దీవించాడు. నేను ఫోటో కూడా తీశాను.

దసరా తర్వాత అది కొద్దిగా మూలగడం మొదలుపెట్టింది. తాతకు ఎప్పుడూ చెవులకు హెడ్‌ఫోన్లే, వినబడదు. అన్నం గిన్నె తెచ్చిన నానమ్మకు వినబడింది.

"నీ డబ్బా మూలుగుతున్నది, చూస్కో."

"నొప్పులు పడుతున్నదే. పెద్ద పెళ్ళి కంటున్నది" అన్నాడు తాత. నానమ్మతో సహా అందరం నవ్వాం.

ఆ పెద్ద పెళ్ళి తేజస్విది. వాళ్ళమ్మ మనోరమ పెళ్ళి క్యాసెట్ కూడా మా తాతే చేశాడు. అందుకే చుట్టాలందరూ పెద్ద స్టూడియోలు అంటున్నా, డ్రోన్లతో తీయించిన వీడియో ఎడిటింగ్ మాత్రం ఆమె పట్టుబట్టి ఈయనకే ఇచ్చింది. అప్పటికి మల్గికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. మా డాడీ గోవర్ధన్ ఎండాకాలం నుంచీ "ఇగ చాలు, ఖాళీ చేద్దాం" అంటూనే ఉన్నాడు. ఒక రోజు అన్నం దగ్గర తాతే తెగేసి చెప్పాడు.

"తేజస్వి పెళ్ళి నేను చేసిస్తే మల్గి ఊసెత్తొద్దు. చెయ్యకపోతే తాళంచెవి నేనే తెచ్చి నీ చేతుల పెడ్త."

"మాట మీద ఉంటవా?" అన్నాడు డాడీ.

"ఎన్నడన్న తప్పిన్నా?"

ఈ పంతం సంగతి తెలియని మనోరమ అత్త పెళ్ళయ్యాక ఒక సాయంత్రం మల్గికి వచ్చి, రోడ్డు మీదే నిలబడి, గొంతు తగ్గించి అడిగింది. "అన్నా, మా తమ్ముని ముఖం జర మంచిగ చెయ్యరాదూ?"

ఆ తమ్ముడు పెళ్ళికూతురికి మేనమామ. ఫంక్షన్ హాలు తనను అడగకుండా మార్చారని అలిగాడు. మేనకోడల్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చింది ఆయనే, కానీ ముఖం పక్కకు తిప్పుకుని తెచ్చాడు. ఆ రోజు నుంచి అక్క గడప తొక్కలేదు.

"ఆదివారం వీడియో చూడనీకి పిలుస్తున్న. నవ్వుకుంట గంప ఎత్తినట్టు వాడే చూసుకుంటే, ఇగ కోపం ఏడుంటదన్నా?"

"నువ్వు పో చెల్లె. నవ్వుతడు" అన్నాడు తాత.

ఫైళ్ళన్నీ వెతికితే పసుపు దంచే రోజు ఎవరో జోకు వేసినప్పుడు మేనమామ నోరారా నవ్విన ముక్క ఒకటి దొరికింది. తాత చేతులు రుద్దుకున్నాడు. మర్నాడు దాన్ని కోద్దామని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే, గ్రాఫిక్స్ కార్డు కనబడటం లేదని ఒక ముక్క రాసి చూపించి మూసుకుపోయింది.

ఆపి మళ్ళీ వెలిగించాం. అదే మాట. లోపల ఉన్న భాగాల పేర్లు చూపించే చోటికి వెళ్ళి చూశాం. రెండు కార్డుల పేర్లు ఉండాల్సిన చోట ఒకటే ఉంది, బోర్డుతో పుట్టిన నాసి కార్డుది. నేను ఫోన్లో వీడియోలు చూసి చెబుతుంటే తాత చేశాడు. డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాం. వేయడానికి కార్డే లేదంది. దాగినవి చూపించమని నొక్కితే, మన కార్డు పేరు పలచగా, బూడిద రంగులో వచ్చింది.

"గదే! ఉన్నది!" అన్నాడు తాత.

"అది ఒకప్పుడు ఉండె అని చెప్తున్నది తాతా. గోడకు దండేసిన ఫోటో లెక్క."

నా నెత్తి మీద ఒకటి పడింది. ఛార్జర్ పీకి, పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోయి కొందరికి కార్డు తిరిగొచ్చిందని విన్నాం. తాత బొటనవేలు తెల్లబడేదాకా నొక్కాడు. రాలేదు. ఎవరికైనా చూపిద్దామన్నాను. "దీని పొట్ట ఇంకొకణ్ణి కొయ్యనియ్య" అన్నాడు.

మరుసటి పొద్దున్న చలి గట్టిగా ఉంది. షట్టర్ ఎత్తి లాప్‌టాప్ వెలిగిస్తే కార్డు పేరు నల్లగా, నిండుగా కనబడింది. తాత దాన్ని కళ్ళకద్దుకుని, నాకు మాట్లాడొద్దని వేలు చూపించి, పనిలో పడ్డాడు. మేనమామ నవ్వును అంచుల వెంట కోశాడు. గంప ఎత్తుతున్న ముఖం మీదికి జరిపాడు. అంతలో లాప్‌టాప్ వేడెక్కింది, కార్డు మాయమైంది. చల్లారనిచ్చి వెలిగిస్తే వచ్చింది, వేడెక్కగానే పోయింది. అలా టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టుకుని, వచ్చినప్పుడల్లా ఇంత ఇంత చేసుకుంటూ రెండు మూడు రోజులు గడిపాడు. ఆ రోజుల్లో తాత ముఖం చూస్తే ఐసీయూ బయట కూర్చున్న మనిషి గుర్తొచ్చేవాడు. శుక్రవారానికి మేనమామ కుడి పెదవి నవ్వింది. ఎడమ పెదవి ఇంకా అలిగే ఉంది. అక్కడ పోయిన కార్డు, ఎంత చలిలో పెట్టినా మళ్ళీ రాలేదు.

అప్పుడు దాన్ని శాలువాలో చుట్టుకుని నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన లాప్‌టాప్‌లు బాగుచేసే ఫణికిరణ్ దగ్గరికి నడిచాం. ఆటో ఎక్కుదామంటే కుదుపులకు లోపల ఏమవుతుందో అని ఒప్పుకోలేదు. ఫణికిరణ్ వాళ్ళది కోస్తా. మాట మెత్తన. స్క్రూలు తీసి, కింది మూత లేపి, కాసేపు అలాగే చూశాడు.

"బాబాయిగారూ, ఇందులో బియ్యం ఉన్నాయేంటండీ?"

తాత ముందుకు వంగాడు. ఫ్యాన్ రెక్కల మధ్య పసుపు రంగు గింజ ఒకటి అడ్డంగా ఇరుక్కుని ఉంది. రాగి రేకుల మీద కుంకుమ గడ్డకట్టింది.

"బియ్యం కాదు" అన్నాడు తాత. "అక్షింతలు."

"కింద గాలి కోసం ఉన్న జాలీలోంచి పడ్డట్టున్నాయండి. ఈ ఫ్యాన్ దాంట్లోంచే గాలి లాగుతుంది. అది తిరక్క, వేడి బయటికి పోక, కార్డు చిప్పు మాడిపోయింది. శబ్దం వచ్చినప్పుడే తెచ్చుంటే గింజ తీసేస్తే సరిపోయేదండి."

"కొత్త కార్డు ఎయ్యి."

"ఇది బల్బు కాదండి బాబాయిగారూ, తీసి పెట్టడానికి. బోర్డుకే అతికించి ఉంటుంది. బోర్డు మొత్తం మార్చాలి, ఈ మోడల్‌ది దొరకట్లేదు. చిప్పును వేడి చేసి చూడొచ్చు. నాలుగు రోజులు పలకచ్చు. లేదంటే ఉన్న ప్రాణం కూడా పోవచ్చు."

"నాకు ఒక్క పూట చాలు. ఒక పెదవి ఉన్నది, అంతే" అన్నాడు తాత.

ఫణికిరణ్‌కు అర్థం కాలేదు. నా వైపు చూశాడు. చెయ్యమని తల ఊపాను.

వేడి చేసి, అన్నీ బిగించి, బటన్ నొక్కాడు. ఎర్ర లైట్లు కూడా వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. తాత లేచి నిలబడి, టేబుల్ మీద ఉన్న ఆ గింజను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "పోదాం పా" అన్నాడు. చచ్చిన లాప్‌టాప్‌ను వచ్చేటప్పుడు కూడా శాలువాలోనే చుట్టాడు.

"వేరేవాళ్ళ కంప్యూటర్ల చేద్దాం తాతా, ఫైళ్ళు హార్డ్ డిస్క్‌ల ఉన్నయి కద" అన్నాను దారిలో.

"రేపటి దినమే ఉన్నది. పరాయి డబ్బాకు చెయ్యి అలవాటయ్యేసరికి దాటిపోతది."

మనోరమ అత్త వచ్చి హార్డ్ డిస్క్ తీసుకుంది. పరవాలేదన్నా అంది. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య స్టూడియో పెట్టుకున్న ఒకతను శనివారం ఒక్క రోజులో చేసిచ్చాడట. ఆదివారం ఆమె మమ్మల్ని కూడా పిలిచింది. తాత రానన్నాడు. నానమ్మే, "రాకపోతే నువ్వు అలిగినవనుకుంటరు" అని తీసుకెళ్ళింది.

మేనమామ వచ్చాడు. కుర్చీ చివర కూర్చున్నాడు గానీ వచ్చాడు. టీవీలో ఆకాశం నుంచి ఫంక్షన్ హాలు, కార్లు, పూలు. తర్వాత గంప. అశోక్‌నగర్ అతనికి పాపం ఏం తెలుసు? బాగుంటుందని ఆ ముక్కను స్లో మోషన్‌లో పెట్టాడు. మేనమామ ముఖం తెర నిండా వచ్చి, మెల్లగా, మెల్లగా పక్కకు తిరిగింది. వెనక వీణ మోగుతోంది. మేనమామ లేచి చెప్పులేసుకున్నాడు. మనోరమ అత్త గుమ్మం దాకా వెళ్ళి, "టీ అన్న తాగి పోరా" అంది. ఆయన ఆగలేదు.

తాత టీవీ వైపే చూస్తున్నాడు. వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి, మౌస్ పట్టుకున్నట్టు.

ఇంటికి వచ్చాక బాత్‌రూమ్‌లోకి వెళ్ళాడు. చాలాసేపు నల్లా చప్పుడు వినబడింది. "నీళ్ళన్ని పోతున్నయి, ఏం చేస్తున్నవయ్యా లోపట?" అని నానమ్మ తలుపు కొట్టింది. నల్లా చప్పుడు కింద ఇంకో చప్పుడు ఉంది. నానమ్మ విని, మళ్ళీ కొట్టలేదు. అక్కడే గోడకు ఆనుకుని నిలబడింది.

మర్నాడు తాత తాళంచెవి డాడీ చేతిలో పెట్టాడు. "ఇప్పుడే ఎందుకు బాపు, తొందరేమున్నది?" అన్నాడు డాడీ, గెలిచినవాడిలా కాకుండా. తాత వినిపించుకోలేదు. మల్గిలో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. తాత చిక్కడపల్లి మార్కెట్‌కు వెళ్ళాలంటే ఆ సందు తప్పించి చుట్టూ తిరిగి వెళతాడు. పెళ్ళి కార్డులు వస్తే నానమ్మను ఒక్కదాన్నే పంపిస్తాడు. హెడ్‌ఫోన్లు మాత్రం మెడకు వేసుకుని కూర్చుంటాడు, వైరు దేనికీ తగిలించి ఉండదు. నేను ఎంత ఏడిపించినా నెత్తి మీద కొట్టడం మానేశాడు. అదే నాకు అన్నిటికంటే భయంగా ఉంది.

అందుకే ఇదంతా రాసి, ఆయన ముందు కూర్చుని చదివి వినిపించాను. బ్రహ్మ నాసిరకం అన్న చోట నవ్వుతాడని ఆగి చూశాను. నవ్వలేదు. చివరిదాకా విన్నాడు.

"ఆ నల్లా ముక్క కోసెయ్" అన్నాడు.

"అది కోస్తే ఇంకేం మిగుల్తది తాతా?"

"ఏం మిగలలే. గందుకే కోసెయ్ అంటున్న."