నర్సమ్మగారి సైడ్‌కారు

పంతొమ్మిది వందల డెబ్బైల్లో భవానీపురంలో మా పక్కింటి నర్సమ్మగారు పక్కన తొట్టిలాంటి సైడ్‌కారున్న కొత్త మోటారుసైకిలు కొన్నారు. పక్షవాతంతో కాలు పడిపోయిన భర్త బస్సెక్కలేరని, బండి నడపడం తనే నేర్చుకున్నారు. "కూర్చున్నారా అండీ?" అని అడిగి, ఆయన "ఆఁ" అన్నాకే కిక్కు కొట్టేవారు.

మొదటి ఆదివారం చర్చికి బయలుదేరుతుంటే వీధిలో ఎవరో నవ్వారు. ఆయన తల దించుకున్నారు.

"నన్ను దింపెయ్. పెళ్లాం తోలుతుంటే తొట్లో కూర్చున్నాడంటారు."

ఆవిడ ఇంజను ఆపేశారు. "సరే, దిగండి. ఇద్దరం ఇంట్లోనే ఉందాం."

ఆయన దిగలేదు. చివరికి, "ప్రార్థన అయ్యాక పామర్రు పోదామా? అక్కని చూసి చాలా కాలమైంది" అన్నారు.

సాయంత్రం తిరిగొచ్చాక, ఆయన మొహాన దుమ్మయినా కడుక్కోకుండా, అరుగు మీద కూర్చుని, నవ్విన వాళ్లనే పిలిచి, దారి పొడుగునా చూసిన వరినాట్ల గురించి చెప్పారు.