గీత మీద గింజ

నేను కడపలో పిల్లలకు లెక్కలు చెబుతాను. సంభావ్యత పాఠం వచ్చినప్పుడల్లా నా గొంతు పోతుంది. నాణెం నాలుగుసార్లు బొమ్మ పడింది కాబట్టి ఐదోసారి బొరుసే పడి తీరాలని వాదించే మొండిఘటాలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్ళందరినీ కలిపి ఒక్క మనిషిని చేస్తే మా బావ అవుతాడు.

బావకు బనగానపల్లె దగ్గర బేనిషా మామిడి తోట ఉంది. ఆ వేసవిలో కాపూ బాగుంది, ధరా పలికింది. ఆ డబ్బుతో కొత్త బోరు వేయించాలని ముందే అనుకున్నారు. పాత బోరు బురద కక్కుతోంది, కొత్తగా నాటిన మొక్కలు వాడిపోతున్నాయి. ఇంతలో ఎరువుల అంగడాయన రైతులను గోవా తీసుకుపోతానన్నాడు. అక్కడ నీళ్ళ మీద తేలే కాసినో, అందులో రౌలెట్ చక్రం. బావ ఫోనులో వీడియోలు చూసి మనసు పారేసుకున్నాడు. అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది.

"బోరు దుడ్లు ఎత్తుకోని పోతాండాడురా. రెండింతలు చేసుకోని వస్తాడంట. నువ్వు సారువి గదా, వచ్చి నాలుగు చీవాట్లు పెట్టు."

చీవాట్లు పెట్టడానికే పోయాను. నేను నోరు తెరవకముందే బావ ఎదురొచ్చి సంచి అందుకున్నాడు. "రా బామ్మర్దీ, సమయానికి వచ్చినావు. ఆ ఆటేందో నేర్పియ్. తెలీకుండా పోతే మోసం చేస్తారు."

ఒళ్ళు మండింది. సరే, ఆడించే బుద్ధి చెబుదామనుకున్నాను.

వరండా మూలనున్న విసుర్రాయిని బయటికి లాగి, తిరిగే పైరాయి మీద పెద్ద ఇత్తడి పళ్ళెం పెట్టాను. పళ్ళెం అంచు చుట్టూ పొద్దుటి రాగి సంగటితో గళ్ళు కట్టాను. సున్నా నుంచి ముప్పై ఆరు వరకు, మొత్తం ముప్పై ఏడు. సున్నాను వదిలేసి సగం గళ్ళకు కుంకుమ, సగానికి బొగ్గు పూశాను. సున్నాది పచ్చరంగు కాబట్టి అందులో కరివేపాకు గుచ్చాను. తినే సంగటితో జూదమేందని అక్క తిట్టిపోసింది. అక్క వాళ్ళ అత్త మాత్రం మంచం దిగి వచ్చి నా పక్కనే కూర్చుంది.

నేల బండల మీద సుద్దతో అంకెల పట్టీ గీశాను. పందేనికి చింతగింజలు.

"పళ్ళెం తిప్పి గోలీ వదులుతా. ఒక్క అంకె మీద గింజ పెట్టి, అదే పడితే ముప్పై ఐదు ఇస్తా. ఎరుపనో నలుపనో పెడితే ఒకటికి ఒకటి. సరి, బేసి కూడా అంతే. పన్నెండు అంకెల గుంపు మీదైతే ఒకటికి రెండు. గోలీ ఆగబోయేటప్పుడు చేతులు పెట్టకూడదు."

"పదిహేడు!" అన్నాడు బావ. మూడుసార్లు పోయింది. నాలుగోసారి పదిహేడే పడింది! గోలీ సంగటికి అతుక్కుని ఉంటుందని నేను ఇప్పటికీ అంటాను. బావ తువాలు తిప్పుతూ గంతులేశాడు. అక్క నన్ను కొరకొరా చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

అత్త దారి వేరు. ఎరుపు మీద ఒకటి, నలుపు మీద ఒకటి పెట్టేది. "ఒకటి పోతే ఇంకోటి వస్తాది గదప్పా. చెనిక్కాయల్లో కంది వేసినట్ల." లాభమూ లేదు, నష్టమూ లేదు, ఆమెకు శానా సంబరం. కాసేపటికి గోలీ కరివేపాకు మీద పడింది. ఆమె గింజలు రెండూ నేను తీసుకున్నాను.

"ఏమప్పా, రెండూ ఎత్తుకుంటివే!"

"సున్నా పడింది గదత్తా. ఎరుపూ పోయె, నలుపూ పోయె. అది ఆట ఆడించేవాని గడి."

"గళ్ళు ముప్పై ఏడు పెట్టి, ముప్పై ఐదే ఇచ్చేది దీనికేనా?"

ఇన్నేళ్ళలో ఒక్క పిల్లాడు కూడా నన్ను ఇంత మంచి ప్రశ్న అడగలేదు. చెప్పొద్దూ, ఆమె కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. టీ తాగే వేళకు బావ కుప్ప కూడా నా దగ్గరికే వచ్చేసింది. అయినా మారలేదు. "గోవాలో సంగటి గళ్ళుండవులే," అన్నాడు.

అత్త తన చివరి గింజను ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య గీత మీద పెట్టింది. "ఈడ పెడితే?"

"రెంటిలో ఏది పడినా పదిహేడు ఇస్తా. వచ్చేది సగమే, భయమూ సగమే."

ఆమె గింజ మీద నుంచి వేలు తీయలేదు. ఆమెకు ఇద్దరు కొడుకులు. పంపకాలప్పుడు గెనెం దగ్గర, అంటే చేల మధ్య గట్టు దగ్గర, పెట్టుకున్న తగాదాతో బావా, వాళ్ళ తమ్ముడూ మాటలు మానేసి ఐదేళ్ళయింది. చేలు మాత్రం పక్కపక్కనే.

"మీ ఇద్దరి నడాన గెనెం ఉండాది గదరా. ఆడ బోరు వేస్తే? ఖర్చు సగం, నీళ్ళు సగం. బోరు మటుకు పందెం కాదా? నీళ్ళు పడకుండా పోయిన రెండు బోర్ల దుడ్లు ఎవురు తినిరి? ఆడాలనుంటే ఈడే ఆడు."

బావ మొహం మాడిపోయింది. "వాడు నాతో మాట్లాడడు."

"నేను మాట్లాడతా." చెప్పులేసుకుని, ఆ మండుటెండలోనే చిన్నకొడుకు ఇంటికి పోయింది.

ఆమె ఇద్దరినీ ఒప్పించింది. గోవా బస్సు రావాల్సిన రోజునే బోరు లారీ వచ్చింది. బావను పిలవడానికి వచ్చిన ఎరువుల అంగడాయనను అక్క గడప కూడా ఎక్కనివ్వలేదు. అన్నదమ్ములు గెనేనికి చెరోపక్క నిలబడ్డారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా. మధ్యాహ్నం దాకా తెల్లటి దుమ్మే. బావ పెదాలు ఎండిపోయాయి, నీళ్ళు పడకపోతే తిట్లు నాకేననుకున్నాను. అంతా నా పాఠం వల్లే కదా! తర్వాత దుమ్ము తడిసింది, బురదైంది, ఒక్కసారిగా నీళ్ళు తాడెత్తున లేచాయి. "అన్నా!" అని అరిచి తమ్ముడు బావను వాటేసుకున్నాడు. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

బావ ఆ తడిబట్టలతోనే నా దగ్గరికొచ్చాడు. "ఏం సారూ, గీత మీద పెడితే సగమే అంటివి?"

అత్త కొడుకులిద్దరినీ చూస్తూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఒకటి పడితే చాలనుకుంటినప్పా. నాకు రెండూ పడినాయి."