నిర్మల కలిపిన తీగలు

ఇన్నేళ్లుగా గొంతులో చేపముల్లులా దిగబడి ఉన్నదాన్ని ఇవాళ కక్కేస్తున్నాను. మీకే ఎందుకంటారా? మీరు నన్నెరగరు కాబట్టి. జాలి మాత్రం పడకండి, ఒళ్లు మండుతుంది.

తాడేపల్లిగూడెంలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివాను. ప్రాక్టికల్స్‌కి మా సారు నలుగురి చొప్పున జట్లు కట్టేవారు. ఒకరు తీగలు కలిపితే ఇంకొకరు ప్రతి తీగా లాగి చూసి పెట్టె మూత బిగించాలి, అదీ ఆయన పద్ధతి. మా జట్టులో కలిపేది నిర్మల, చూసేది నేను. ఆమె గణపవరం నుంచి బస్సులో వచ్చేది. తండ్రి చేపల చెరువుకి కాపలా. ఆమె పనిలో తప్పు దొరికేది కాదు. సారు మెచ్చుకున్నప్పుడల్లా నాకు కడుపు మండేది. పొగరు అనుకునేవాణ్ణి. నిజంగా పొగరుందా? లేదు. ఉంటే బాగుండేది, అసహ్యించుకోవడానికి నాకో సాకు దొరికేది.

ఒకరోజు ఆకివీడు దగ్గర చెరువుకి తీసుకెళ్లారు. నీళ్లు చిలికి చేపలకి గాలి అందించే ఏరియేటర్‌కి కనెక్షన్ ఇవ్వాలి. బాగా చేసినవాళ్లని పనిలో పెట్టుకుంటానని చెరువు యజమాని ముందే చెప్పాడు. నిర్మల ఇంట్లో ఆ జీతం మీదే ఆశ పెట్టుకున్నారని మా జట్టులో అందరికీ తెలుసు.

ఆమె కలిపి పక్కకి జరిగింది. నేను చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెండు తీగలు విప్పి, ఒకదాని చోట ఇంకొకటి పెట్టి, మూత బిగించేశాను. ఆ పని నాకు అంత అవసరమా, లేక ఆమె నలుగురిలో తల దించుకుంటే చూడాలన్న కసేనా అని ఎన్నిసార్లు నన్ను నేను నిలదీసుకున్నా కసే అని తేలింది.

స్విచ్ వేయగానే ఏరియేటర్ చక్రాలు వెనక్కి తిరిగాయి. గట్టు మీదివాళ్లు నవ్వారు. నిర్మల నా వైపు తిరిగింది.

"నేను సరిగ్గానే కలిపాను. నువ్వు చూశావు కదా?"

నేను సారు వైపు తిరిగాను.

"నన్ను చూడనివ్వకుండానే మూత బిగించేసిందండీ."

మూత విప్పి సరిచేసింది కూడా నేనే. యజమాని నా వీపు తట్టి పనిలోకి రమ్మన్నాడు. నిర్మల కోర్సు మానేసింది.

ఇప్పుడు నేనూ ఇదే పని నేర్పుతున్నాను. పిల్లల్ని నలుగురేసి కూర్చోబెడతాను గానీ, ఒకరి పని ఇంకొకరిని చూడనివ్వను. మూతలన్నీ నేనే బిగిస్తాను. సారుకి మన మీద నమ్మకం లేదని వెనకాల గొణుక్కుంటారు. వాళ్ల మీద కాదు.

చెప్పేశాను. కాస్త ఊపిరి ఆడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది. క్షమించే హక్కు మీకు లేదు, నేను అడగను కూడా. ఆరోజు ఆమె అడిగినదానికి జవాబు మాత్రం వినండి.

చూశాను. సరిగ్గానే కలిపింది.