పడుకున్న మనిషి నెత్తురు

మా అక్క ఒక పెద్ద హోటల్ లాండ్రీలో పనిచేసేది. నేలకింద గది, కిటికీ కూడా లేదు. అక్కడి వాషింగ్ మిషన్ల హోరులో పక్కమనిషి మాట వినబడదు. దాంతో ఇంట్లోనూ అరిచినట్టే మాట్లాడేది. "మెల్లగా మాట్లాడవే, ఉప్పు అడిగినా పోట్లాటకి వచ్చినట్టుంటుంది" అని మా బావ అంటే, "నీకు చెవుడొస్తే ఇలాగే అలవాటవుతుందిలే" అనేది. తడిసి బరువెక్కిన దుప్పట్ల మూటని ఊపిరి బిగబట్టి ఒక్క గుంజు గుంజి బండిలో పడేసేది. ఇద్దరు చేసే పని ఒక్కతే చేసేది. పిచ్చిది, అదో గొప్ప దానికి.

తలనొప్పి అని వెళ్తే స్కాన్ తీశారు. మెదడులో రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బిందన్నారు. పగిలితే ప్రాణం మీదికొస్తుంది. ఆపరేషన్ చేద్దామంటే అందులోనూ ప్రమాదమే. చెయ్యాలో ఆగాలో తేల్చుకోలేక పెద్ద డాక్టరు మమ్మల్ని ఆసుపత్రి వెనకున్న కంప్యూటర్ల గదికి పంపాడు. స్కాన్‌లో కనిపించిన నాళాన్ని అక్కడ కంప్యూటర్లో కడతారట. దాంట్లో నెత్తురు పారించి, బుడగ గోడకి దెబ్బ ఎక్కడ ఎంత తగులుతుందో చూస్తారట.

అక్కడి ఇంజనీరు కుర్రవాడే, మర్యాదస్థుడు. తెరమీద బుడగని అటూ ఇటూ తిప్పి చూపించాడు. అంతా నీలంగా ఉంది.

"నీలమైతే భయం లేదండీ. ఎరుపొస్తేనే ఆలోచించాలి."

"నా మొహం కంటే నా తలకాయ లోపలే బాగుందే!" అంది అక్క. తర్వాత ముందుకి వంగి, "ఇంతకీ అందులో పారేది నా నెత్తురేనా బాబూ?" అని అడిగింది.

"ఆకారం మీదేనండీ. నెత్తురు పోటు మాత్రం ఆరోగ్యంగా ఉన్న మనిషిని పడుకోబెట్టి కొలిచినది. అందరికీ అదే వేస్తాం."

"పడుకున్నవాడిదా! ఎంత అదృష్టవంతుడో. నేను నడుం వాల్చేదెప్పుడు నాయనా?"

మేం నవ్వాం. అతనూ నవ్వాడు. మాకంటే తెలియదు, తెలిసినవాడు నవ్వడమేమిటి? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నీలం బొమ్మ చూసి డాక్టరు, "ఆపరేషన్ ఇప్పుడొద్దు, కొన్నాళ్లు ఆగి చూద్దాం" అన్నాడు. అక్క సంబరపడిపోయి మర్నాడే పనిలోకి వెళ్లింది.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఒకరోజు పొద్దున్నే దుప్పట్ల మూట గుంజుతూ రెండు చేతులా తల పట్టుకుందట. "అమ్మో, తల పగిలిపోతోందే" అని పక్కామెతో అని, ఆ మూట మీదే పడిపోయింది. ఆసుపత్రికి చేర్చారు గానీ సాయంత్రానికి పోయింది.

కొద్దిరోజులకి ఆ ఇంజనీరు మా ఇంటికొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. బావ ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగలేదు.

"ఆవిడ బీపీ వేసి, బరువు లాగేటప్పుడు పెరిగే పోటు కూడా కలిపి మళ్లీ లెక్క కట్టానండీ. సరిగ్గా పగిలినచోటే ఎర్రగా వచ్చింది. మీరు ఒప్పుకుంటే దీన్ని మిగతా డాక్టర్లకి చూపిస్తాను."

నాకు ఆగలేదు. "చేతులు కాలాక ఆకులు పట్టుకొచ్చావా? మా అక్క చస్తేగానీ మీకు లెక్క కుదరలేదా?" అని మీదికెళ్లాను. అతను తల దించుకున్నాడు. బావే నన్ను పక్కకి లాగాడు.

"దీనివల్ల ఇంకో ఇంటి మనిషైనా బతుకుతుందా బాబూ?"

"బతకొచ్చండీ."

"అయితే చూపించు."

అతను లేచి చెప్పులేసుకుంటుంటే బావ అడిగాడు. ఆ పని చాలా పెద్దదనీ, అందుకే ముందు చెయ్యలేకపోయారనీ అనుకున్నాడు పాపం.

"ఈ లెక్కకి ఎన్నాళ్లు పట్టింది?"

"ఎన్నాళ్లో కాదండీ. సాయంత్రం కంప్యూటర్‌కి అప్పజెప్పి ఇంటికెళ్లాను. పొద్దున వచ్చేసరికి అయిపోయింది."

బావ తలాడించి అతన్ని పంపేశాడు. తలుపు వేసి, దానికే ఆనుకుని కిందికి జారిపోయాడు.

"ఒక్క రాత్రేనటే" అని నా చెయ్యి పట్టుకుని భోరుమన్నాడు.