అడవి చెట్లకు సున్నం పట్టీలు: ఒక ఉబ్బసం మనిషి బిలాస్‌పూర్ ప్రయాణం

నాటకాలకు పరదాలు వేయడం నా పని. దర్బారు, వీధి, అడవి, ఈ మూడు పరదాలు లేకుండా మా విజయనగరం వైపు ఏ నాటక సమాజమూ గజ్జె కట్టదు. ఇరవై ఏళ్లుగా వాటిలో చాలావాటికి నా చెయ్యే పడింది. మూడేళ్ల కిందట ఉబ్బసం వచ్చి నా ఛాతీ మీద కాపురం పెట్టింది. పోయిన శీతాకాలంలో ఒక ఊళ్లో దర్బారు పరదా సగంలో ఉండగా ఆయాసంతో పడిపోయాను. పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారు, ఆ సగం పరదానే కట్టి నాటకం ఆడేశారు. సింహాసనానికి ఒక కాలు లేదు. జనం ఘొల్లున నవ్వారు. వెనక చాప మీద పడుకుని ఆ నవ్వంతా విన్నాను. అవమానంతో నాలుగు రోజులు అన్నం సయించలేదు.

మా పెద్దన్నయ్యకు బట్టల కొట్టుంది. "గుడ్డ మీద రంగులు పూసింది చాలు, ఇక గజంబద్దతో గుడ్డ కొలువు, ఆయాసం ఉండదు" అన్నాడు. సరేనని కూడా అన్నాను. అంతలో బిలాస్‌పూర్ నుంచి మా చెల్లెలు గౌరి ఉత్తరం రాయించింది. అక్కడి రైల్వే కాలనీలో మనవాళ్లు శ్రీరామనవమి పందిట్లో నాటకం ఆడుతున్నారట. రాజు రాజ్యం పోగొట్టుకుని అడవుల పాలయ్యే కథ. అడవి పరదా లేదు, అన్నయ్య రావాలి అని. మా ఆవిడతో ఒకటే మాట చెప్పాను. ఈ పరదా పూర్తిచేస్తే కుంచెలు ఇంట్లో ఉంటాయి, చేయలేకపోతే అక్కడే ఎవరికైనా ఇచ్చేసి వచ్చి కొట్లో కూర్చుంటాను. ఆవిడ నా పెట్టెలో రెండు తువ్వాళ్లు ఎక్కువ సర్దింది.

ఇదివరకు బిలాస్‌పూర్ వెళ్లాలంటే చుట్టూ తిరిగి పోవలసి వచ్చేది. కొండల మీదుగా రాయపూర్‌కు కొత్త లైను పడ్డాక మనకు దారి దగ్గరైంది. విజయనగరంలో తెల్లవారకముందే పాసింజరు ఎక్కితే దీపాలు పెట్టే వేళకు రాయపూర్‌లో దింపుతుంది. రాత్రికి అక్కడి ముసాఫిర్‌ఖానాలో నడుం వాల్చి, పొద్దున్నే బిలాస్‌పూర్ బండి ఎక్కితే మూడు గంటల ప్రయాణం. మూడో తరగతికి మొత్తం అయిదున్నర రూపాయల లోపే అయింది. పార్వతీపురం దాటాక ఇడ్లీల ఆశ వదులుకోవాలి. గౌరి ముందే రాయించింది కాబట్టి రెండు పూటలకు పులిహోర కట్టించుకున్నాను.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. చోటు దొరకదేమోనన్న కంగారులో ఇంజినుకు దగ్గరగా ఉన్న రెండో పెట్టెలో ఎక్కాను. కొండల్లో సొరంగాలు వచ్చేసరికి పొగంతా మా మీదికే దిగింది. తలుపులు వేసుకున్నా సందుల్లోంచి వస్తుంది. తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకున్నా, రెండో సొరంగం దాటేసరికి నా ఊపిరి పిల్లనగ్రోవి ఊదడం మొదలుపెట్టింది. రాయగడలో బండి నీళ్లు పట్టుకుంటుండగా దిగి ఒక రాతి మీద కూలబడ్డాను. ఇంజిను మీంచి ఫైర్‌మన్ చూశాడు. మనవాడే.

"ఆయాసమాండీ? సెంబిలా ఇవ్వండి. ఇంజిన్లో ఏన్నీళ్లకేటి కరువు?" అంటూ పొగలుకక్కే నీళ్లు పట్టి ఇచ్చాడు. "తాగీకండి బాబూ, అవి ఇంజిను తాగే నీళ్లు. ఆవిరి పట్టుకోండి సాలు."

తువ్వాలు కప్పుకుని ప్లాట్‌ఫారం మీదే ఆవిరి పట్టాను. చుట్టూ జనం చేరి వింతగా చూశారు. మామూలుగా అయితే సిగ్గుతో చచ్చేవాణ్ణి. ఆ వేళ ఊపిరి ఆడడమే గొప్పగా ఉంది.

ఉగాది నాడు పొద్దున తొమ్మిది దాటాక బిలాస్‌పూర్‌లో దిగాను. స్టేషన్ బయట టాంగావాడు "కహాఁ జానా హై, బాబూ?" అన్నాడు. నాకు వచ్చిన హిందీ అంతా కలిపి "లోకో షెడ్, ఫిట్టర్ క్వార్టర్" అన్నాను. నవ్వి ఎక్కించుకున్నాడు. రెండణాలు. కాలనీలో నేను మొదట గమనించింది చెట్లు. రోడ్డుకు రెండు వైపులా వేపలు, రావిచెట్లు, మామిళ్లు, ప్రతి దాని మొదలుకూ మోకాలెత్తు జేగురు రంగు, దాని పైన అరచేయి వెడల్పున సున్నం పట్టీ. అన్నీ ఒకే ఎత్తున. కవాతుకు నిలబెట్టిన జవానుల్లా ఉన్నాయి. ఇదేం పిచ్చి అనుకున్నాను.

గౌరి గుమ్మంలోనే నన్ను చూసి నోరు నొక్కుకుంది. "ఏటన్నియ్యా, ఇలగైపోనావు? ఎముకలే మిగిలినాయి గదా!"

"ఉబ్బసం కదమ్మా, మిగతాది అది తినేసింది" అన్నాను.

ఆమె భర్త అప్పలనాయుడు షెడ్‌లో ఫిట్టరు. కాలనీ వేపపువ్వుతో చేసిన ఉగాది పచ్చడి తినిపించి, బడి వరండాకు తీసుకెళ్లాడు. ఇరవై అడుగుల పొడుగు, పన్నెండు అడుగుల ఎత్తు గుడ్డ, అప్పటికే జిగురు పూసి ఆరబెట్టి ఉంది. చేతికి ఎనిమిది రోజులున్నాయి. "కుంచె మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు" అని మొదటి రోజే ఖచ్చితంగా చెప్పేశాను. నా పరదా మీద ఇంకొకరి చెయ్యి పడడం నాకు ఎంగిలి అన్నంతో సమానం. నా ఉబ్బసం సంగతి ఇంటి బయట ఎవరికీ చెప్పవద్దని కూడా అన్నాను.

మూడు రోజులు బాగా గడిచాయి. పొద్దున్నే అరపా నది దాకా నడిచి, అవతలి ఒడ్డున ఉన్న సర్కండా వైపు నుంచి వచ్చే చల్లగాలి పీల్చుకుని వచ్చి పనిలో దిగేవాణ్ణి. ఆకాశం, దూరపు కొండలు, సన్నని సెలయేరు అయిపోయాయి. చెట్లకు బొగ్గుతో గీతలు గీశాను. నాలుగో రోజు గాలి తిరిగింది. షెడ్ పొగ వరండాలోకి వచ్చింది. అది చాలదన్నట్టు ఆకుపచ్చ పొడి కలుపుతుంటే ఒక్కసారిగా లేచి ముక్కులోకి పోయింది. ఆ తరవాత నాకు గుర్తున్నది గౌరి నా వీపు రాస్తూ ఏడవడం. రెండు రోజులు దిండ్లకు ఆనుకుని కూర్చునే గడిపాను. ఆరో రోజు సాయంత్రం అప్పలనాయుడితో "బావా, రేపటి బండికి టిక్కెట్టు తీసిపెట్టు. కుంచెలు నువ్వే ఉంచుకో" అన్నాను. దాచడం ఎందుకు, ఏడ్చాను.

అతను టిక్కెట్టు తేలేదు. సింహాచలాన్ని తెచ్చాడు. సింహాచలానికి యాభై దాటి ఉంటాయి. ఒకప్పుడు యార్డులో బళ్లకు గొలుసులు తగిలించేవాడు. ఒక వానాకాలంలో రెండు బళ్ల మధ్య ఎడమ కాలు నలిగింది. ఇప్పుడు కర్ర ఊతంతో కుంటుతూ కాలనీ చెట్లకూ రాళ్లకూ రంగు వేస్తాడు. ఆ జేగురూ సున్నమూ ఇతని చేతివే.

"మానీసి ఎల్లిపోతన్నారట?" అన్నాడు, నేలమీద కూర్చుంటూ.

"చేతకానప్పుడు మానక ఏం చేస్తాం?"

"నా కాలు నలిగినప్పుడు దొర సూసినాడు. బళ్లు తగిలించలేవురా అన్నాడు. ఇంటికెల్లిపో అన్నేదు. లైట్ డూటీ అని కాయితం రాసినాడు. బరువు పని తీసీసి, సెయ్యగల్గిన పనేదో అదే సెయ్యమన్నాడు. మీకు లైట్ డూటీ ఎవులూ రాయనేదేటి బాబూ?"

"చిత్రకారుడికి ఎవరు రాస్తారు?"

"అయితే మీరే రాసుకోండి. ఊపిరి పోనాది గానీ కళ్లు పోనేదు గదా? కళ్లకి డూటీ ఎయ్యండి. సేతులు మావి పట్టికెళ్లండి."

చిర్రెత్తుకొచ్చింది. పరదా అంటే చెట్టు మొదలనుకుంటున్నాడా అని లోపల తిట్టుకున్నాను. అయితే ఆ రాత్రి సింహాసనం కాలు గుర్తొచ్చింది. నన్ను నవ్వులపాలు చేసింది ఉబ్బసం కాదు. వెనక చాప మీద పడుకున్న నేను, ఆ ఒక్క కాలు గీయమని పక్కవాణ్ణి అడగలేకపోవడం.

మర్నాడు పొద్దున, చేతులు కావాలని అప్పలనాయుడితో చెప్పి, వరండా గుమ్మంలో గాలి వచ్చే వైపు కుర్చీ వేయించుకున్నాను. పొడి రంగులు బయట, తడిగుడ్డ కింద కలపమన్నాను. షెడ్‌లో డ్యూటీ దిగినవాళ్లు దిగినట్టే స్నానాలు చేసి వచ్చారు. ఇక్కడ డ్యూటీ దిగేవాడు ఎక్కేవాడికి ఏది ఎక్కడుందో చెప్పకుండా కదలడు. పరదా దగ్గరా అదే పద్ధతి పెట్టారు. పొద్దున అరగంట కుంచె నాది. నా అరగంట కాగానే అప్పలనాయుడు "బావా, రిలీఫ్ వచ్చినాది, దిగు" అనేవాడు. నేను కర్రతో చూపించి ఇక్కడిదాకా ముదురాకుపచ్చ, ఇక్కణ్ణుంచి నీడ, ఈ కొమ్మ ముట్టుకోవద్దు అని అప్పగించాలి. ఇరవై ఏళ్లుగా నా చేతికి తెలిసిన విషయాలను నోటితో చెప్పడం అదే మొదటిసారి. చెబుతుంటే నాకే కొత్తగా అర్థమయ్యాయి. నీడ ఎందుకు నీలంగా ఉండాలో అంతకుముందు నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

నవమికి ముందురోజు మధ్యాహ్నం చెట్ల మొదళ్లు మాత్రం మిగిలాయి. గోధుమరంగు కలిపి సింహాచలానికి అప్పగించి, గౌరి మాట విని కాసేపు పడుకున్నాను. సాయంత్రం వచ్చి పరదా చూశాను. అడవిలో ఉన్న పద్నాలుగు చెట్లకూ మోకాలెత్తు జేగురు, దాని మీద అరచేయి వెడల్పున తెల్ల పట్టీ. తాడు పట్టి గీసినంత తిన్నగా ఉన్నాయి.

"ఇదేమిటి సింహాచలం!" అని అరిచాను. దగ్గు తన్నుకొచ్చింది.

అతను పరదా వైపూ నా వైపూ చూశాడు. తప్పేమిటో అతనికి నిజంగానే తెలియలేదు. "బాగునేదా బాబూ? జేగురు కాస్త పల్సనయినాదేటి? సున్నం పట్టీ లేకపోతే సెట్టు బోసిగా ఉండదా?"

పదిహేనేళ్లుగా అతను చూసిన చెట్లన్నీ అలాగే ఉన్నాయి మరి. వాటిని అలా చేసింది కూడా అతనే. రాత్రంతా కూర్చుంటే నేను అన్నీ మార్చేయగలను. మార్చి, మర్నాడు మళ్లీ దిండ్లకు ఆనుకుంటాను. కుంచె చేతిలోకి తీసుకుని చాలాసేపు నిలబడ్డాను. గౌరి గుమ్మంలోంచి నన్నే చూస్తోంది. చివరికి కుంచె కడిగి పక్కన పెట్టాను. పొద్దున నా అరగంటలో, రాజు నిలబడే చోట మధ్యలో ఉన్న రెండు చెట్లకు మాత్రం మొదళ్ల దగ్గర గడ్డి వేశాను, పట్టీలు సగం మునిగేలా. మిగతా పన్నెండింటినీ అలాగే వదిలేశాను. జనం నవ్వితే నవ్వనీ, ఈసారి సింహాసనానికి కాళ్లు నాలుగూ ఉన్నాయి అనుకున్నాను.

సాయంత్రం పందిరి కిక్కిరిసింది. నేను వెనక దాక్కోకుండా గౌరి పక్కన, జనంలో కూర్చున్నాను. రాజు కిరీటం తీసేసి, నారబట్టలు కట్టుకుని వచ్చాడు. వెనక అడవి పరదా దిగింది. నవ్వు కోసం ఎదురుచూస్తూ కళ్లు మూసుకున్నాను. నవ్వు రాలేదు. కళ్లు తెరిచేసరికి ముందు వరసలోని ముసలమ్మలు కొంగులతో కళ్లు ఒత్తుకుంటున్నారు. గౌరి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అన్నియ్యా," అంది, "రాజుగోరు మన కాలనీ సెట్ల కాడికే వచ్చినాడు."

పెళ్లయి ఈ ఊరు వచ్చిన కొత్తలో గౌరి రాయించిన ఉత్తరాలన్నిటిలో ఒకటే మాట ఉండేది, నన్ను అడవిలో పడేశారని. ఆ పందిట్లో కూర్చున్నవాళ్లలో చాలామంది అలా వచ్చినవాళ్లే. వాళ్ల అడవి ఎలా ఉంటుందో నాకు తెలియదు, సింహాచలానికి తెలుసు. నా చేతుల మీదే అంతా జరిగి ఉంటే ఎక్కడా లేని అందమైన అడవి ఒకటి వేసేవాణ్ణి, ఎవరూ ఏడ్చేవారు కాదు. జబ్బు నాకు మేలు చేసిందని మాత్రం అనను. అది తగ్గలేదు, ఇది రాస్తూ కూడా రెండుసార్లు ఆగాను. నాకిప్పుడు రోజుకు అరగంట కుంచె, రెండు గంటలు కుర్చీ. ఇద్దరు శిష్యులను పెట్టుకున్నాను, చెప్పడం నేర్చుకుంటున్నాను. పెద్దన్నయ్యకు కొట్లోకి రాలేనని కబురు పెట్టాను. కుంచెలు ఇంట్లోనే ఉన్నాయి.

ఈ దారిన వెళ్లేవాళ్లకు, ముఖ్యంగా నాలాంటి ఉబ్బసంవాళ్లకు ఒక్క మాట. తడి తువ్వాలు దగ్గర పెట్టుకుని, ఇంజినుకు దూరంగా ఆఖరి పెట్టెలో ఎక్కండి. తిరుగు ప్రయాణంలో నేను అలాగే వచ్చాను, సొరంగాల్లో పొగ చాలావరకు తప్పింది. ప్లాట్‌ఫారం చివరిదాకా నడవాలి కాబట్టి మెల్లగా నడవండి, మధ్యలో ఆగండి, సామాను మోయడానికి పక్కవాడి సాయం అడగండి. ఆఖరి పెట్టె కూడా అదే బండితో అదే ఊరు చేరుతుంది.