పెద్దమ్మకు చదవని ఆఖరు వాక్యం

మనిషిని మట్టిలో పెట్టే ముందు మనం చెప్పే మాటలు ఎవరి కోసం? పోయిన మనిషి కోసమైతే ఆ మనిషి వినడు. ఉన్నవాళ్ల కోసమైతే, వాళ్లకు కావలసింది నిజమా, ఊరటా? యూనివర్సిటీలో చదువుకున్న రోజుల నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది. దానికి జవాబు తెలిసిన మనిషి అని నేను నమ్మింది ఒక్కరినే, మా అమ్మకు తోడబుట్టిన అక్కను, మా పెద్దమ్మను. ఈ వానల మొదట్లో ఆమె పోయింది.

పొద్దున్నే అన్న ఫోన్ చేశాడు. పెద్దమ్మకు అతనొక్కడే కొడుకు. "అమ్మ పోయింది," అన్నాడు. వెంటనే తనే అడిగాడు.

"భూస్థాపన కూటం ఎట్ల జేద్దాం? ఎవర్ని అడగాలె ఇప్పుడు?"

అడగవలసిన మనిషే పోయిందని అప్పుడు తెలిసింది. బొల్లారంలో మా చర్చి సంఘం వాళ్ల ఇళ్లలో ఎవరు కన్నుమూసినా, పాస్టరు అయ్యగారి కంటే ముందు ఫోన్ వెళ్లేది పెద్దమ్మకే. శవపెట్టె ఎక్కడ దొరుకుతుంది, సమాధుల తోటలో ఎక్కడ తవ్వాలి, ఏ పాట పాడాలి, ముందు ఎవరు మాట్లాడాలి, అన్నీ ఆమె చూసేది. ఆ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. సర్కారు బడిలో టీచరుగా చేసి రిటైరైంది. పిల్లల్ని వరసలో నిలబెట్టిన చెయ్యి, అంతే, అనేది. ఆ పొద్దున నా వేలు కూడా అలవాటుగా ఆమె నంబరు మీదికే వెళ్లి ఆగింది.

చావింట్లో అడుగుపెట్టగానే పెద్దమ్మ ఏడ్చేది కాదు. చెప్పులు ఓ పక్కన విడిచి నేరుగా వంటింట్లోకి వెళ్లి చూసేది. పొయ్యి వెలగలేదంటే పక్కింటికి కబురు పోయేది. "ముందుగాల ఛాయ్ తాగుండ్రి. ఏడ్వాలన్నా బలం గావాలె," అనేది. వాళ్లు తాగేదాకా పక్కనే కూర్చునేది. ఆ తర్వాత అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. పోయినాయన ఏ షిఫ్టు?

కొత్తగా వచ్చిన ఒక అయ్యగారికి ఇది అర్థం కాలేదు. సంగారెడ్డిలో ఇంకో పని ఉంది, భూస్థాపన పదకొండు గంటలకు పెట్టేద్దామన్నాడు. "పదకొండింటికి ఎవరొస్తరు అయ్యగారు? మీరు, నేను, పెట్టె. ఆయన దోస్తులంత కంపెనీల ఉంటరు," అంది పెద్దమ్మ. రెండింటికి మొదటి షిఫ్టు వదులుతారు. రాత్రి షిఫ్టు చేసినవాళ్లు కూడా అప్పటికి నిద్ర లేస్తారు. మూడింటికి పెడితే ఇద్దరూ వస్తారు. అప్పటి నుంచి మా సంఘంలో భూస్థాపన అంటే మూడు గంటలే. మందుల కంపెనీల బస్సులు సమాధుల తోట గేటు దగ్గర ఆగేవి. యూనిఫాం మీదే దిగేవాళ్లు, ఒంటి నిండా మందుల వాసనతో, ఎర్రబడ్డ కళ్లతో. తలా ఒక పిడికెడు మట్టి వేసి, అదే బస్సెక్కి ఇళ్లకు పోయేవాళ్లు. వాళ్లు దిగేదాకా గుంత పూడ్చనిచ్చేది కాదు.

పాటలు సాగదీసేవాళ్లంటే ఆమెకు గిట్టదు. "మూడు చరణాలు చాలు. తల్లి నిలవడలేకపోతుంది, సూస్తలేరా," అని గాయకుల చెవిలో చెప్పేది. మైకు దొరికితే వదలని పెద్దలను మాత్రం అందరి ముందే ఆపేది. "అన్నా, ఈ కూటం నీది గాదు. నీదైన నాడు నీ గురించే చెప్పిస్త, కూసో." నవ్వకూడని చోట అందరికీ నవ్వొచ్చేది.

నాకు ఆమె ఇచ్చిన పని రాయడం. ఎమ్మే పూర్తిచేసి వచ్చిన ఏడాది, నీకు తెలుగు బాగొచ్చు గదా అని పిలిచి కూర్చోబెట్టింది. మా సంఘంలో పోయినవాళ్ల జీవిత విశేషాలు రాసి సమాధి దగ్గర చదవడం ఆనవాయితీ. పుట్టుక, పెళ్లి, పిల్లలు, కొలువు, జబ్బు. అన్నిటికీ చివర ఒకే వాక్యం వస్తుంది: విశ్వాసమందు స్థిరముగా నిలిచి ప్రభువునందు నిద్రించిరి. అది వినగానే అందరూ ఒక్కసారిగా ఆమేన్ అంటారు. ఆ ఆమేన్ తర్వాతే మట్టి.

కాజీపల్లిలో గది తీసుకుని ఉండే ఒక జార్ఖండ్ కుర్రాడు జ్వరంతో పోయినప్పుడు రాయడానికి నాకేమీ దొరకలేదు. ఇంటివాళ్లు రాలేకపోయారు. గదిలో వాడితో ఉండేవాళ్లను పెద్దమ్మ ఎదురుగా కూర్చోబెట్టుకుని, తన బడి హిందీలో, "ఏక్ బాత్ బోలో, ఏక్ హీ," అని, వాడి గురించి ఒక్క సంగతి అడిగింది. చాలాసేపటికి ఒకడు చెప్పాడు. అమ్మతో ఫోన్ మాట్లాడేటప్పుడు వాడు ఫ్యాన్ ఆపేసేవాడట, ఆమె గొంతు సరిగా వినబడాలని. ఎండాకాలంలో గదిలో అందరూ వాణ్ని తిట్టేవాళ్లట. నేను అదే రాశాను. అదే చదివాను. వాణ్ని ఎన్నడూ చూడనివాళ్లు ఏడ్చారు.

ఆ ఆఖరు వాక్యం విషయంలో మాత్రం పెద్దమ్మ చాలా కఠినం. నిజమైతేనే ఉంచేది. తాగి తాగి పోయిన ఒకతని కోసం రాస్తున్నప్పుడు, దాన్ని పక్కన పెట్టెయ్యమంది. ఆయన భార్య బతిమిలాడింది, అందరికీ చదివారు కదా, మా ఆయనొక్కడికే లేకపోతే ఎట్లా అని. పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని అడిగింది, ఆయన ఎప్పుడన్నా ప్రార్థన చేసేవాడా అని.

"తాగినప్పుడు చేసేటోడు. ఏడ్చుకుంట చేసేటోడు."

పెద్దమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. "రాయి బిడ్డ," అంది నాతో. "ఏడ్చుకుంట అన్నది గూడ రాయి."

అట్లా రాశాను. కానీ పెదనాన్న పోయినప్పుడు ఆ వాక్యాన్ని తనే తీసేయించింది. ఆయన ఏళ్ల తరబడి గుడి గడప తొక్కలేదు. దేవుడి మాటలు నాకు చెప్పొద్దని ఆమెతోనే అనేవాడు. సొంత మొగుడని లేనిది కల్పించి చెప్పనా, అంది. నేను చదవడం ముగించాక ఆమేన్ రాలేదు. అన్న ఆ రోజు సమాధికి అవతలి వైపు నిలబడి ఉన్నాడు. అతని మొహం నాకు ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాత తల్లితో మాట్లాడాడు, తిన్నాడు, ఆస్పత్రులకు తిప్పాడు. ఆ సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

తర్వాత పెద్దమ్మ కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కు అన్నకు వీలుపడని రోజుల్లో అమీన్‌పూర్ నుంచి నేను వెళ్లి కారులో తీసుకెళ్లేదాన్ని. ఒకసారి తిరిగి వస్తుంటే పటాన్‌చెరు దగ్గర లారీల మధ్య ఇరుక్కుపోయాం. ఏసీ వేసినా కంపెనీల వాసన లోపలికి వస్తూనే ఉంది. ఆమె అద్దంలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"ప్రార్థన జేస్తుంటే గోడకు చెప్పినట్టుంది బిడ్డ. ఎప్పటిసంది అని అడుగకు."

జబ్బులో అట్లాగే అనిపిస్తుంది, పోతుంది లెమ్మన్నాను.

"నాకు సర్దిచెప్పకు. నేను మస్తుమందికి సర్దిచెప్పిన, నాకు తెలుసు అదెట్లుంటదో." నా వైపు తిరిగి అంది, "నాకు ఆఖరు వాక్యం చదవకు. మీ పెదనాన్నకు తీసేసిన. నాకెట్ల పెడ్తవు?"

ఆ వారం కూడా ఆమె ఒక చావింటికి వెళ్లింది. చెల్లెలు పోయి ఏడుస్తున్న ఒకామె పక్కన కూర్చుని, దేవుడున్నడు, యాదిలో పెట్టుకుంటడు, అని చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. దిగబెట్టేటప్పుడు ఉండబట్టలేక అడిగాను, అట్లా ఎట్లా చెప్పగలిగావు అని. "ఆమె నన్ను అడిగింది నా సంగతి గాదు గదా," అంది. కారు దిగి, కొంగు సర్దుకుని, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. చివరిదాకా ప్రతి ఆదివారం గుడికి వచ్చింది. తన చోటులోనే కూర్చుంది. పాడేటప్పుడు పెదవులు కదిలేవి. ఏమనుకునేదో నాకు తెలియదు.

ఆమె కూటం మాకు చేతకాలేదు. ఈ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది. మా చర్చి పై స్థాయి పెద్దలు వస్తామన్నారు. వాళ్లకు కుదిరింది పదకొండు గంటలకు. అన్న సరేనన్నాడు. నేనూ సరేనన్నాను. ఇద్దరం ఆ పరేషాన్‌లో షిఫ్టు సంగతే మర్చిపోయాం. ఇన్నేళ్లలో ఎవరికీ జరగనిది ఆమెకే జరిగింది. సమాధుల తోట నిండా కుర్చీలు, టెంటు, పెద్ద ఫ్లెక్సీ. కూర్చున్నవాళ్లు చుట్టాలు, పెద్దలు. మైకు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతూనే ఉంది. ఆపేవాళ్లు లేరు.

అంతకు ముందు సాయంత్రమే అన్నకూ నాకూ ఆ వాక్యం దగ్గర మాట పెరిగింది. పెద్దమ్మ కారులో అన్నది చెప్పాను. అతను నమ్మలేదనలేను. వినదలచుకోలేదు.

"నాయినకు లేకుంట జేసింది. అమ్మకన్నా ఉండనియ్యి. పొయ్యేముందు పెదవులు కదిలినయి. నేను సూసిన. ప్రార్థనే."

"వినబడిందా అన్నా?"

"వినబడాలెనా?"

అయ్యగారిని అడిగాను. ఆయన మంచివాడు. తడుముకోకుండా చెప్పాడు, విశ్వాసం ఒక్కరిదే కాదమ్మా, ఒకరు మోయలేనప్పుడు సంఘం మోస్తది, అని. అది అబద్ధమని నేననలేకపోయాను. పెద్దమ్మ జీవితమంతా చేసింది కూడా అదే కదా. కానీ ఆమె నాతో చెప్పింది తన విశ్వాసాన్ని సంఘం మోయాలని కాదు. చదవొద్దని.

పదకొండింటి కూటంలో నేను కాగితం చివరిదాకా చదివి, ఆ వాక్యం ముందు ఆగాను. అన్న నా చేతిలోంచి మైకు తీసుకుని తనే చెప్పాడు. విశ్వాసమందు స్థిరముగా నిలిచి. అందరూ ఆమేన్ అన్నారు. మట్టి వేశారు. గుంత పూడ్చారు. భోజనాలకు లేచారు.

మిగిలిన నీళ్ల డబ్బాలు ఎత్తించడానికి నేను ఆగిపోయాను. కుర్చీలు కూడా పోయాక సన్నగా జల్లు మొదలైంది. గేటు దగ్గర కంపెనీ బస్సు ఆగింది. మొదటి షిఫ్టు వాళ్లు దిగారు. ముందు నడుస్తున్నది ఆ తాగి పోయినతని భార్యే. ఇప్పుడు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ చేస్తోంది. నెత్తికి పెట్టుకునే గుడ్డ ఇంకా జుట్టు మీదే ఉంది. పూడ్చేసిన సమాధి చూసి అందరూ ఆగిపోయారు. పదకొండింటికి ఎందుకు పెట్టారని ఒక్కరన్నా అడిగి ఉంటే బాగుండేది. వంగి, దిబ్బ అంచున తలా కాస్త తడిమట్టి పిడికిట్లోకి తీసుకున్నారు. దాన్ని ఎక్కడ వెయ్యాలో తెలియక నిలబడ్డారు.

"అక్కా," అంది ఆమె, "అమ్మ గురించి రాసింది మాకు గూడ సదువుండ్రి. పొద్దుగాల మేం లేకపోతిమి."

మైకు లేకుండా చదివాను. ఛాయ్ సంగతి దగ్గర కొందరు నవ్వారు. ఏ షిఫ్టు అన్న దగ్గర ఒకతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. చివరికొచ్చేసరికి అందరూ తలలు వంచారు. తమవాళ్ల సమాధుల దగ్గర విన్నదే కదా, తర్వాత వచ్చేది ఏమిటో వాళ్లకు తెలుసు. పొద్దున అన్న ఉన్నాడు, అయ్యగారు ఉన్నారు. ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను.

కాగితం మడిచాను.

బస్సు ఒకసారి హారన్ కొట్టింది. ఆమె తలెత్తి నా వైపు చూసింది. ఆ వాక్యం ఎందుకు ఉంటుందో, ఎందుకు పోతుందో వాళ్లందరిలో ఆమెకే బాగా తెలుసు.

"అయిపోయిందా అక్కా?"

"అయిపోయింది."

వాళ్లు ఇంకాసేపు అట్లాగే నిలబడి, ఒకరి తర్వాత ఒకరు వంగి మట్టి వదిలారు. ఎవరో ఒకరిద్దరు చిన్నగా ఆమేన్ అన్నట్టున్నారు. మిగతావాళ్లు అనలేదు. బస్సు వెళ్లిపోయింది.

వచ్చే నెల జ్ఞాపకార్థ కూటం. సమాధి మీద రాయి పెట్టిస్తున్నామని, దాని మీద చెక్కించడానికి ఆఖరు వాక్యంతో సహా రాసి పంపమని అన్న నిన్న మళ్లీ అడిగాడు. ఈసారి మూడింటికే పెడుతున్నాం. అందరూ వస్తారు. మట్టి వేసిన రోజు నేను ఆగిపోవడం పెద్దమ్మ మాట నిలబెట్టడమో, వానలో ఆమెను ఒంటరిగా వదిలెయ్యడమో నాకు తెలియడం లేదు. రాతి మీద ఆ వాక్యం ఉండాలో వద్దో కూడా తెలియడం లేదు. కళ్లు మూసుకుంటే వాళ్లే కనిపిస్తారు, తలలు వంచుకుని, పిడికిట్లో తడిమట్టి పట్టుకుని, ఆమేన్ ఎక్కడ అనాలో నేను చెప్తానని ఎదురుచూస్తూ.